ఇంటి గుట్టు ఎవరికి చేటు? ‘ఘోస్ట్స్’ నాటకంపై సంవాదం

‘ఘోస్ట్స్’ నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ ఇటలీలో ఉండగా రాసిన మూడంకాల నాటకం. 1881 డిసెంబరు 13న కోపెన్‌హాగెన్‌లో పుస్తకంగా వచ్చింది. నార్వేజియన్‌లో దాని పేరు ‘గెన్‌గాంగెరె’. పోయినవాళ్ళు మళ్ళీ తిరిగిరావడం ఆ మాటలో ఉన్న భావం. ‘దయ్యాలు’ అని తెలుగు చేస్తే భయం మిగులుతుంది కానీ ఆ తిరిగిరావడం జారిపోతుంది. మనవడి ముఖం చూసి ‘తాతగారే మళ్ళీ పుట్టారు’ అని తెలుగిళ్ళలో మురిసిపోతూ అనే మాటే దానికి దగ్గరగా ఉంటుంది. ఇబ్సెన్ నాటకంలో మాత్రం అదే మాట గుండె ఝల్లుమనేలా వినిపిస్తుంది.

కథ పశ్చిమ నార్వేలో, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున ఒక బంగళాలో జరుగుతుంది. ఒక పగలు మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది. రంగం మీదికి వచ్చేవి ఐదు పాత్రలే: ఇంటి యజమానురాలు శ్రీమతి ఆల్వింగ్, పారిస్ నుంచి వచ్చిన చిత్రకారుడైన ఆమె కొడుకు ఓస్వాల్డ్, పాస్టర్ మాండర్స్, ఇంట్లో పనిచేసే రెజీనా, ఆమెకు తండ్రిగా చలామణీ అవుతున్న వడ్రంగి ఎంగ్‌స్ట్రాండ్. ఆరో మనిషి కెప్టెన్ ఆల్వింగ్ పోయి పదేళ్ళయింది. ఆయన పేరిట కట్టిన అనాథాశ్రమానికి మర్నాడు ప్రారంభోత్సవం.

గుట్టు ఇది. ఊరంతా గౌరవించే కెప్టెన్ తాగుబోతు, వ్యభిచారి. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే భార్య ఇల్లు విడిచి పాస్టర్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ‘నీ ధర్మం మొగుడి దగ్గరే’ అని నచ్చజెప్పి వెనక్కి పంపాడు. ఆ తర్వాత కెప్టెన్‌కు పనిమనిషి జోహానాతో సంబంధం ఏర్పడింది. పుట్టబోయే బిడ్డకు తండ్రి కావాలి కనుక, ఆమెకు ముట్టజెప్పిన 300 స్పెసీ డాలర్ల ఆశతో ఎంగ్‌స్ట్రాండ్ ఆమెను పెళ్ళాడాడు. ఆ బిడ్డే రెజీనా. తండ్రి నీడ పడకూడదని ఏడేళ్ళ ఓస్వాల్డ్‌ను తల్లి ఇంటికి దూరంగా పంపేసింది. ఇప్పుడు అతను తిరిగి వచ్చాడు, మెదడును తినేసే జబ్బుతో. చెల్లెలని తెలియక రెజీనా మీద మనసు పడ్డాడు.

తరాలు దాటి వచ్చేది జబ్బా, గుట్టా? గుట్టు విప్పడం మేలా, కీడా? ఈ రెండు ప్రశ్నల మీద ఇద్దరి వాదం కింద ఉంది. డాక్టరు చర్మ, సుఖవ్యాధుల వైద్యం చేసి రిటైరైనవారు. మాస్టారు రంగస్థల కళలు బోధించినవారు.

జబ్బు సంగతి

డాక్టరు: ఈ నాటకం నిలబడింది వైద్యం మీద, మాస్టారూ. ఆ వైద్యానికి కాలం చెల్లింది. సిఫిలిస్, అంటే జనం సవాయి అనే రోగం, తండ్రి బీజం నుంచే నేరుగా బిడ్డకు వస్తుందని, తల్లికి ఏమీ కాదని 19వ శతాబ్దంలో చాలామంది వైద్యులు నమ్మారు. అలాంటి బిడ్డకు పాలిచ్చే తల్లికి పుండు పడదని అబ్రహాం కాలీస్ 1837లో రాసింది దానికి ఊతమైంది. 1905లో షౌడిన్, హోఫ్‌మన్ ఆ క్రిమిని కనిపెట్టారు. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. ఆరోగ్యంగా కనిపించే ఆ తల్లుల రక్తం పరీక్షిస్తే వాళ్ళకూ జబ్బు ఉన్నట్టు తేలింది. 1910లో సల్వర్సాన్, 1943లో పెన్సిలిన్ వైద్యానికి అందాయి. తండ్రి నుంచి నేరుగా కొడుక్కి జబ్బు రావడం జరగని పని. వచ్చినా ఇప్పుడు సూదిమందుతో నయమవుతుంది. ఇక ఈ విషాదంలో మిగిలింది ఏమిటి?

మాస్టారు: జబ్బు పేరు నాటకంలో ఎక్కడా రాదు, డాక్టరు గారూ. అయినా అది సిఫిలిస్ అనే అనుకుందాం. మరి నేటి శాస్త్రం ప్రకారం ఓస్వాల్డ్‌కు అది పుట్టుకతో రావాలంటే దారి ఏది?

డాక్టరు: తల్లి ద్వారానే. పెళ్ళయిన కొత్తలో భర్త నుంచి ఆమెకు సోకి ఉండాలి. మందు పడకపోయినా చాలామందిలో అది జీవితాంతం లోపలే అణిగి ఉంటుంది. ఓస్లోలో 1891 నుంచి 1910 వరకు వైద్యం ఇవ్వకుండా ఉంచిన రోగులను తర్వాత దశాబ్దాల పాటు గమనించారు. వారిలో ఎక్కువమందికి ముదిరిన దశ లక్షణాలు రానేలేదు. అలా పైకి ఏమీ లేని తల్లి కూడా గర్భంలోని బిడ్డకు దాన్ని అందించగలదు.

మాస్టారు: అయితే మీ సవరణతో నాటకం కూలలేదు, ఇంకా లోతుకు దిగింది. ఆ తల్లి ఏడేళ్ళ పిల్లవాణ్ణి కడుపుకోతతో దూరం పంపింది ఎందుకు? ఆ ఇంటి గాలి సోకకూడదని. కానీ సోకవలసింది అతను పుట్టకముందే, ఆమె నుంచే సోకింది. కాపాడుతున్నానని ఆమె అనుకున్న రోజుకే ఆలస్యమైంది.

డాక్టరు: అది ఇబ్సెన్ రాసింది కాదు. ఆయన కాలానికి తెలిసింది తండ్రి పాపం అన్న సిద్ధాంతమే. ఆయన రాయని అర్థాన్ని ఆయనకు అంటగట్టకూడదు.

మాస్టారు: ఒప్పుకోవలసిందే. అయితే జబ్బు ఒక్కటే వారసత్వమైతే ఇది రోగుల కథ అయి ఊరుకునేది. ఇబ్సెన్ దాని పక్కన ఇంకో వారసత్వం పెట్టాడు. అది క్రిమి మీద ఆధారపడలేదు.

ఉత్తరాలు

డాక్టరు: గుట్టు సంగతేనా? అది ఒక తల్లి తన పరువు కోసం, కొడుకు మనశ్శాంతి కోసం దాచిన విషయం. జబ్బుతో పోలిస్తే అది చేసిన హాని ఎంత?

మాస్టారు: పారిస్ ఘట్టం చూడండి. ఓస్వాల్డ్‌ను పరీక్షించిన డాక్టరు, ఇది పుట్టుకతో వచ్చిన పుచ్చు, తండ్రి చేసిన తప్పు బిడ్డకు తగిలిందని తేల్చాడు. కొడుకు మండిపడ్డాడు. ఇంటి నుంచి వచ్చిన తల్లి ఉత్తరాలు తీసి, తండ్రిని మెచ్చుకుంటూ ఆమె రాసిన చోట్లు ఆ డాక్టరుకు అనువదించి చదివాడు. అంత మంచి తండ్రి ఉన్నాడని తేలాక డాక్టరు తన అభిప్రాయం మార్చుకోక తప్పలేదు. మిగిలింది ఒకటే కారణం: ఈ జబ్బు కుర్రవాడు తనంతట తాను తెచ్చుకున్నాడు. స్నేహితులతో ఆడిపాడిన సరదా రోజులే తనను కాల్చాయని అతను కుమిలిపోయాడు.

డాక్టరు: వైద్యం చేసేవారికి ఈ ఘట్టం మామూలుది కాదు. ప్రతి కేస్ షీట్‌లో కుటుంబ చరిత్ర అని ఒక గడి ఉంటుంది. తల్లికి బీపీయా, తండ్రికి షుగరా, మేనరికమా అని అక్కడే రాసుకుంటారు. ఆ గడిలో అబద్ధం ఉంటే రోగ నిర్ణయం తప్పుతుంది. ఇక్కడ ఆ గడి నింపింది తల్లి ఉత్తరాలు.

మాస్టారు: ఆ మాట చాలు. జబ్బు అతని శరీరాన్ని తిన్నది. చెయ్యని తప్పుకు శిక్ష పడుతున్నట్టు అనిపించేలా చేసింది గుట్టు. తండ్రి తప్పు కొడుకు నెత్తిన పడింది నిజమే, దాన్ని తన తప్పేనని నమ్మించింది మాత్రం తల్లి ప్రేమ. గుట్టు తరాలు దాటేది ఇలాగే. అసలు సంగతి మొదటి తరంతోనే పోతుంది. దాన్ని కప్పడానికి చెప్పిన మంచి మాట తర్వాతి తరం చేతికి వస్తుంది.

చెబితే మాత్రం

డాక్టరు: సరే, మూడో అంకంలో తల్లి అన్నీ చెప్పేసింది. ఏం బాగుపడింది? రెజీనా నిమిషం ఆలస్యం చేయకుండా స్టీమరు అందుకోవడానికి వెళ్ళిపోయింది. ఓస్వాల్డ్ తండ్రి గురించి విని పెద్దగా చలించనే లేదు. తెల్లారేసరికి అతని బుద్ధి పోయింది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నారు పెద్దలు. విభీషణుడు నోరు విప్పాడు, లంక కూలింది. ఇక్కడా అదే జరిగింది.

మాస్టారు: లంక కూలడానికి విభీషణుడి నోరు కారణమా, రావణుడు తెచ్చిపెట్టుకున్న సీత కారణమా? సామెత ఇంటి పక్షం మాట్లాడుతుంది, కథ ఆ పక్షం కాదు. ఇంకో కథ చూడండి. కర్ణుడు తన కొడుకని కుంతి పెళ్ళికి ముందూ చెప్పలేదు, అస్త్రవిద్యా ప్రదర్శనలో అతన్ని చూసి మూర్ఛపోయినప్పుడూ చెప్పలేదు. యుద్ధానికి ముందు కర్ణుడికి చెప్పింది. పాండవులకు చెప్పింది అతను చనిపోయాక, తర్పణాలు వదిలేటప్పుడు. ఆ బాధలో ధర్మరాజు ఆడవాళ్ళ నోట రహస్యం నిలవకుండు గాక అని శపించాడు. శాపం చూడండి: చెప్పినందుకు పడలేదు, దాచినందుకు పడింది.

డాక్టరు: కానీ కుంతి చెప్పి ఉంటే పెళ్ళికాని తల్లిని ఆ లోకం బతకనిచ్చేదా? శ్రీమతి ఆల్వింగ్ పరిస్థితీ అంతే. నార్వేలో పెళ్ళయిన స్త్రీ ఆస్తి మీద భర్తదే పెత్తనం. 1888లో గానీ ఆ చట్టం మారలేదు. ఇల్లు విడిచి వస్తే పాస్టరే వెనక్కి తోశాడు. అలాంటి మనిషికి గుట్టు తప్ప ఇంకో ఆయుధం లేదు. నిజం చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు తీర్పు చెప్పడం సుళువు.

మాస్టారు: తీర్పు ఆమె మీద కాదు. నాటకం కూడా ఆమెను నిందించదు. లెక్క చూస్తే ఆ గుట్టులో వాటాదారులు చాలామంది. వెనక్కి పంపిన పాస్టరు ఒకరు. డబ్బుకు తండ్రి అయిన వడ్రంగి ఇంకొకరు. సొమ్ము తీసుకుని నోరు మూసుకున్న జోహానా మరొకరు. కెప్టెన్‌ను గొప్పవాడని పొగిడిన ఊరు అందరికన్నా పెద్ద వాటాదారు. పెళ్ళినాటికి అతన్ని మంచి సంబంధం అనిపించిన ఆస్తి ఎంతో లెక్కగట్టి, సరిగ్గా అంత సొమ్మూ ఆమె అనాథాశ్రమంలో పోసింది. కొడుక్కి తండ్రి నుంచి దమ్మిడీ కూడా రాకూడదని ఆమె పట్టు. డబ్బును వడకట్టగలిగింది, మిగతాది వడకట్టలేకపోయింది.

డాక్టరు: అలాగైతే నా ప్రశ్నకు జవాబు రాలేదు. చెప్పినా ఏం బాగుపడలేదు కదా?

మాస్టారు: రెజీనా విషయంలో ఒకటి బయటపడింది. తండ్రి ఎవరో తెలిసీ తెలియగానే ఆమె, పెద్దింటి బిడ్డలా పెరగవలసిన దాన్ని అని నిలదీస్తుంది. గుట్టు వల్ల ఆమె పోగొట్టుకున్నది వారసత్వం. దాచడం అంటే ఎవరి హక్కో కూడా దాచడమే. ఇక తల్లి విషయంలో ఇంకా పెద్ద మార్పు ఉంది. భర్త చెడిపోవడంలో తన వంతు ఏమిటో ఆమె మొదటిసారి చూస్తుంది. ధర్మం, బాధ్యత అంటూ తను ఇంటిని ఊపిరాడని చోటుగా మార్చానని ఒప్పుకుంటుంది. కప్పిపుచ్చినంత కాలం ఆయన ఆమెకు దోషి మాత్రమే. గుట్టు విప్పాక మనిషిగా కనబడ్డాడు.

డాక్టరు: కాదనలేం. కానీ చాలా ఆలస్యం.

మాస్టారు: ఆ ఆలస్యమే విషాదం.

రంగం మీద

డాక్టరు: ఇదంతా నవలగానూ రాయవచ్చు. నాటకమే ఎందుకు?

మాస్టారు: జరిగిపోయిన సంగతిని నాటకం ఇప్పుడు కళ్ళ ముందు జరిపించగలదు. మొదటి అంకంలో రెండు చోట్లు చూడండి. ఓస్వాల్డ్ మొదటిసారి గదిలోకి వస్తాడు, నోట్లో తండ్రి వాడిన పెద్ద పైపు. పాస్టర్ ఉలిక్కిపడతాడు, కెప్టెనే లేచి వచ్చినట్టు కనబడి. ఓస్వాల్డ్‌కు ఆ పైపుతో ఉన్న జ్ఞాపకం ఒకటే: చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బలవంతంగా పీల్పించాడు, పిల్లవాడికి వాంతయింది. తండ్రి గొప్పతనం గురించి అప్పటిదాకా సాగిన మాటలన్నీ ఈ చిన్న జ్ఞాపకం ముందు తేలిపోతాయి.

రెండోది అంకం చివర. కెప్టెన్ జోహానాను పట్టుకున్నప్పుడు పక్క గదిలోంచి ఏ చప్పుళ్ళు విన్నదో తల్లి అంతకుముందే పాస్టర్‌కు చెప్పింది. ఇప్పుడు భోజనాల గదిలో కుర్చీ పడ్డ చప్పుడు. వెంటనే ‘వదలండి’ అంటూ గుసగుసగానే అయినా పదునుగా రెజీనా గొంతు. రంగం మీద ఏ దయ్యమూ కనబడదు. చప్పుడే తిరిగి వచ్చింది. ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళని తల్లికి ముందే తెలుసు, పాస్టర్‌కూ ప్రేక్షకులకూ అప్పుడే తెలుస్తుంది, వాళ్ళకు మాత్రం తెలియదు. వారసత్వం అన్న మాటకు ఇంత సూటి దృశ్యం నాటకంలో ఇంకోటి లేదు.

డాక్టరు: ఈడిపస్ కూడా ఇంతే కదా? నేరం నాటకం మొదలుకాక ముందే జరిగిపోయింది, మిగిలింది తెలియడమే.

మాస్టారు: పద్ధతి అదే, సోఫోక్లీస్ నుంచి ఇబ్సెన్ నేర్చింది. తేడా ఒక్కటి. ఈడిపస్ తన గుట్టు తానే తవ్వుకుంటాడు. ఇక్కడ తెలిసిన మనిషి పక్కనే ఉంటుంది, చెప్పబోతుంది, ఆగుతుంది. రెండో అంకం చివర చెప్పడానికి నోరు విప్పగానే అనాథాశ్రమం తగలబడుతుంది. దానికి బీమా కూడా లేదు. బీమా చేయిస్తే దేవుడి మీద నమ్మకం లేనట్టు నలుగురూ అనుకుంటారని పాస్టరే వద్దన్నాడు.

డాక్టరు: నిప్పు ఎలా అంటుకుంది?

మాస్టారు: అక్కడే ఇబ్సెన్ దెబ్బ కొట్టాడు. పాస్టర్ కొవ్వొత్తి వత్తి చెక్క పొట్టులో పడేశాడని ఎంగ్‌స్ట్రాండ్ నమ్మబలుకుతాడు, ఆ నింద తన మీద వేసుకుంటానంటాడు. బదులుగా నావికుల కోసం తను పెట్టబోయే విడిదికి పాస్టర్ అండ కావాలి. దానికి పెట్టే పేరు కెప్టెన్ ఆల్వింగ్‌ది. పాత గుట్టు విప్పుతుండగానే కొత్త గుట్టు నాటుకుంది.

బయటి ప్రపంచం

డాక్టరు: ఇంటి గుట్టు విప్పమన్న ఇబ్సెన్ తన గుట్టు విప్పాడా? గ్రిమ్‌స్టాడ్‌లో మందుల షాపులో పనిచేసిన రోజుల్లో, 18 ఏళ్ళ వయసులో, అక్కడి పనిమనిషి ద్వారా ఆయనకు 1846లో కొడుకు పుట్టాడు. ఏళ్ళ తరబడి పోషణ ఖర్చు కట్టాడే గాని, కొడుకును దగ్గరకు తీయలేదు.

మాస్టారు: నిజమే. దాన్ని బట్టి ఆయనకు తీర్పు చెప్పే అర్హత లేదనవచ్చు. పనిమనిషి బిడ్డ ఈ నాటకంలో ఊరికే వచ్చిన పాత్ర కాదనీ అనవచ్చు. ఏది ఏమైనా, లోకం చేసింది గుట్టు వైపు నిలబడడమే. మొదటి ముద్రణ 10,000 ప్రతులు. చాలా పుస్తకాలు దుకాణాల నుంచి తిరిగి వచ్చాయి, మలి ముద్రణకు 13 ఏళ్ళు పట్టింది. స్కాండినేవియాలో పెద్ద థియేటర్లు వద్దన్నాయి. తొలి ప్రదర్శన 1882 మే 20న సముద్రం అవతల, చికాగోలో, అక్కడ స్థిరపడిన వలసదారుల ముందు జరిగింది. 1883లో ఆగస్ట్ లిండ్‌బెర్గ్ స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌లో ఆడించాడు. లండన్‌లో సెన్సారు తప్పించుకోవడానికి జె.టి. గ్రెయిన్ సభ్యులకు మాత్రమేనంటూ 1891 మార్చి 13న వేయించాడు. పత్రికలు మురికి కాలువ అన్నాయి. అక్కడ బహిరంగ ప్రదర్శనకు అనుమతి 1914లో గానీ రాలేదు.

తెలుగు రంగానికి

డాక్టరు: తెలుగులో ఇబ్సెన్ జాడ ఎంత?

మాస్టారు: పి.వి. రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’లో, అంటే నటుడు బళ్ళారి రాఘవ కాలంలోనే, ఇబ్సెన్ ప్రభావం విమర్శకులు గుర్తించారు. ‘ఘోస్ట్స్’ విషయానికి వస్తే ఐదు పాత్రలు, ఒకే సెట్టింగు, ఒక పగలూ ఒక రాత్రీ జరిగే కథ. నాటక పరిషత్తు వేదికకు ఇంతకన్నా అనువైన కొలత ఉండదు. చిక్కు ఒకటే. కన్నీళ్ళ కోసం తల్లిని దేవతను చేయడమో, జబ్బును ఎయిడ్స్‌గా మార్చి సందేశం చేర్చడమో జరిగితే నాటకం చచ్చిపోతుంది.

డాక్టరు: జబ్బును మార్చకపోతే ఈనాటి ప్రేక్షకుడికి ఎలా పడుతుంది?

మాస్టారు: జబ్బు కన్నా ఉత్తరాలు ముందుకు రావాలి. తండ్రి గురించి పిల్లలకు చెప్పిన మంచి కథలు ప్రతి ఇంట్లో ఉంటాయి. వాటిలో ఏవి ఎవరికి అడ్డుపడ్డాయో ప్రేక్షకుడే పోల్చుకుంటాడు.

డాక్టరు: కుటుంబ చరిత్ర నిజం రాయాలి అన్న వరకు వైద్యం మీ పక్షమే. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో మాత్రం నాటకం నేర్పలేదు.

ఈ చివరి అభ్యంతరానికి నాటకంలో జవాబు లేదు. కావాలనే లేదు. తెల్లవారుతుంది, వాన వెలుస్తుంది, ఓస్వాల్డ్ బుద్ధి చెదిరి కుర్చీలో వాలిపోతాడు. తన స్థితి అలా అయితే ఇమ్మని అతను దాచిన మార్ఫిన్ కోసం తల్లి అతని జేబులో తడుముతుంది, దొరకగానే వెనక్కి తగ్గుతుంది, ఇవ్వాలా వద్దా అని కొట్టుమిట్టాడుతుంది. తెర పడుతుంది. ఆమె ఇస్తుందా లేదా అని అనువాదకుడు విలియం ఆర్చర్ అడిగితే, తనకు తెలియదనీ ఎవరికి వారే తేల్చుకోవాలనీ ఇబ్సెన్ చెప్పాడు. ఈ నాటకం ఆడేవారు ఆ జవాబును మార్చకూడదు. తల్లి ఇస్తుందో లేదో తేలకముందే తెర దించాలి.